బయోడీజిల్: కాచడం గంట పని, కడగడం అసలు పని

వాడేసిన వంటనూనెతో డీజిల్ లారీ నడుస్తుందా అని ఎవరైనా అడిగితే, నడుస్తుందనే చెప్పాలి. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని వడకట్టిన నూనెను నేరుగా ట్యాంకులో పోస్తే, కొన్ని నెలల తర్వాత ఇంజిన్ విప్పాల్సి రావచ్చు. అప్పుడు ఇంధనాన్ని చిమ్మే నాజిల్ చివర బొగ్గు పేరుకుని, పిస్టన్ రింగులు గాడుల్లో అతుక్కుపోయి కనిపిస్తాయి. నూనె వేరు, బయోడీజిల్ వేరు. ఒకటి రెండోదిగా మారడానికి ఒక రసాయన చర్య జరగాలి. నిజానికి ఆ చర్య సులువైనదే, గంటా రెండు గంటల్లో ముగుస్తుంది. కష్టమంతా ఆ తర్వాత మొదలవుతుంది. చర్య ముగిశాక ద్రవంలో ఉండిపోయే సబ్బును, నీటిని, మిథనాల్ అనే ఆల్కహాల్‌ను, గ్లిజరిన్‌ను పూర్తిగా బయటికి పంపాలి. ఇంట్లో చేసిన ఇంధనం ఇంజిన్‌ను పాడుచేసిందని విన్నప్పుడల్లా నేను ముందు అడిగేది ఒకటే: ఎన్నిసార్లు కడిగారు, ఎలా ఆరబెట్టారు?

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. మొక్కల నూనెతో డీజిల్ ఇంజిన్ నడపడం అనే మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, నూనెను నూనెగానే మండించడం. దీనికి రెండు ట్యాంకులు కావాలి. బండి డీజిల్‌తో మొదలవుతుంది. ఇంజిన్ వేడి నీటితో నూనెను 70, 80 డిగ్రీల దాకా వేడెక్కించాక దాని మీదికి మారుస్తారు, ఆపే ముందు మళ్లీ డీజిల్‌కు వస్తారు. ఇక్కడ మార్చేది బండిని, ఇంధనాన్ని కాదు. రెండోది బయోడీజిల్. ఇక్కడ బండి దాదాపు అలాగే ఉంటుంది, నూనె అణువే మారుతుంది. మూడోది, రిఫైనరీలో నూనెకు హైడ్రోజన్ పట్టించి తీసే డీజిల్. అది మామూలు డీజిల్ లాంటి హైడ్రోకార్బనే. ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ వేడి కావాలి కాబట్టి అది ఇంట్లో అయ్యే పని కాదు. ఈ వ్యాసం రెండో దాని గురించి.

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌ను వేరుశనగ నూనె కోసమే కనిపెట్టాడన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది సరికాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఓ చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపిన మాట నిజం. దాన్ని నడిపింది ఒట్టో కంపెనీ, ఆలోచన ఫ్రెంచి ప్రభుత్వానిది. నూనెను మార్చి వాడాలన్న ఆలోచన తర్వాత ఎప్పటికో వచ్చింది. 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జి. షావాన్ తాటిజాతి పామాయిల్‌ను ఆల్కహాల్‌తో చర్య జరిపించి ఇంధనంగా వాడే పద్ధతికి బెల్జియంలో పేటెంటు పొందాడు. మరుసటి ఏడాదే ఆ ఇంధనంతో బ్రస్సెల్స్, లూవెన్ మధ్య ఓ బస్సు తిరిగింది. అంటే ఇప్పుడు ఇంటి షెడ్డులో చేసే పని వెనుక ఎనభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

నూనెతో చిక్కు ఎక్కడుంది? దాని చిక్కదనంలో. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం సెంటిస్టోక్ అనే కొలమానంలో 2 నుంచి 4 వరకు ఉంటే, వంటనూనెలది 30 పైమాటే. నాజిల్ రంధ్రం నుంచి డీజిల్ పొగమంచులా విరజిమ్ముకుని రావాలి. నూనె అలా రాలేదు. పెద్ద చుక్కలుగా వచ్చి సగం కాలి, మిగతా సగం పిస్టన్ మీద, రింగుల మధ్య మాడిపోతుంది. కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ను జిగురు చేస్తుంది. నూనె అణువు పెద్దది కావడమే ఇందుకు కారణం. ఒక గ్లిజరిన్ కొక్కేనికి మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాల గొలుసులు వేలాడుతూ ఉంటాయి. ఆ మూడింటినీ కొక్కెం నుంచి ఊడదీసి, ఒక్కో గొలుసు చివర ఒక్కో మిథనాల్ అణువును తగిలిస్తే మూడు చిన్న అణువులు తయారవుతాయి. అదే బయోడీజిల్. దాని చిక్కదనం 4, 5కు దిగుతుంది. ఊడిపోయిన కొక్కెం గ్లిజరిన్‌గా అడుగుకు చేరుతుంది.

లెక్క ప్రకారం 100 లీటర్ల నూనెకు 12, 13 లీటర్ల మిథనాల్ సరిపోవాలి. కానీ ఈ చర్య రెండు వైపులా నడుస్తుంది. ఊడిన గొలుసు మళ్లీ గ్లిజరిన్‌ను పట్టుకోగలదు. అందుకే చర్యను ముందుకే నెట్టడానికి 20 నుంచి 25 లీటర్లు పోస్తారు. ఇక గొలుసులను ఊడదీసే పనికి కాస్టిక్ సోడా గానీ, కాస్టిక్ పొటాష్ గానీ కావాలి. దాన్ని ముందుగా మిథనాల్‌లో కరిగించి, 55 డిగ్రీల దగ్గర ఉన్న నూనెలో కలిపి, గంట నుంచి రెండు గంటల సేపు బాగా తిప్పాలి. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి వేడి అంతకు దిగువనే ఉండాలి.

కాస్టిక్ సోడా ఎంత వేయాలన్న దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. శుభ్రమైన కొత్త నూనెకైతే లీటరుకు 3.5 గ్రాముల నుంచి 5 గ్రాముల వరకు సరిపోతుంది. వేపుళ్లకు వాడిన నూనె సంగతి వేరు. వేడికి, నీటికి కొన్ని గొలుసులు ముందే తెగి విడి కొవ్వు ఆమ్లాలుగా మారి ఉంటాయి. మనం వేసిన కాస్టిక్ సోడాను ముందుగా అవే మింగేసి సబ్బుగా మారతాయి. అసలు చర్యకు మిగిలేది తక్కువవుతుంది. అందుకని అవి ఎంత మింగుతాయో ముందే కొలిచి, అంత అదనంగా వేయాలి. ఈ కొలతనే టైట్రేషన్ అంటారు.

దీనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక గ్రాము కాస్టిక్ సోడాను లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి పెట్టుకోవాలి. చిన్న గాజు గ్లాసులో 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, సరిగ్గా ఒక మి.లీ. నూనెను అందులో కలపాలి. రంగు తెలియడానికి రెండు మూడు చుక్కల ఫినాఫ్తలీన్ వేయాలి. అది దొరక్కపోతే పసుపు కలిపిన ఆల్కహాల్ కూడా పనిచేస్తుంది, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని తెలిసిందే కదా. ఇప్పుడు సోడా నీటిని సిరంజితో చుక్కచుక్కగా వదలాలి. చుక్క పడ్డ చోట రంగు మెరిసి, గ్లాసు కదిలించగానే మాయమవుతుంది. మళ్లీ చుక్క, మళ్లీ మాయం. ఒక దశలో రంగు అలాగే నిలిచిపోతుంది. అర నిమిషం దాకా పోకుండా ఉంటే ఆగాలి. అప్పటికి 3 మి.లీ. పట్టిందనుకుందాం. లీటరు నూనెకు 3.5 గ్రాములకు మరో 3 గ్రాములు కలిపి, 6.5 గ్రాములు వేయాలి. 100 లీటర్లకు 650 గ్రాములు. కాస్టిక్ పొటాష్ వాడేవారు ఈ పరీక్షను కూడా పొటాష్ ద్రావణంతోనే చేయాలి, అసలు మోతాదు లీటరుకు దాదాపు 7 గ్రాములతో మొదలవుతుంది.

ఈ పరీక్షలో పట్టిన ప్రతి మి.లీ. సోడా నీటికి, నూనెలో దాదాపు ముప్పావు శాతం విడి కొవ్వు ఆమ్లం ఉన్నట్టు లెక్క. 5 మి.లీ. దాటిందంటే ఆ నూనె వదిలేయమనే నా సలహా. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ముందు ఒక చర్య జరిపి దారికి తెచ్చే పద్ధతి ఉంది గానీ, కొత్తగా మొదలుపెట్టేవారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నీటి విషయంలో అసలు రాజీ పనికిరాదు. నూనెలో తేమ ఉంటే, సోడా ఆ తేమ సాయంతో నూనెనే సబ్బుగా మార్చేస్తుంది. కడాయిలో కాస్త నూనె పోసి వేడిచేస్తే తేమ ఉన్న నూనె చిటపటమంటుంది. ఆ చప్పుడు వినిపించినంత కాలం నూనెను వేడిచేస్తూ, తిప్పుతూ ఆరబెట్టాల్సిందే.

నూరు లీటర్ల పీపా దగ్గరికి వెళ్లే ముందు ఒక లీటరుతో చేసి చూడమని గట్టిగా చెబుతాను. మూత బిగుతుగా పట్టే పారదర్శకమైన సీసా చాలు. వేడి నూనెలో మిథనాల్ మిశ్రమం పోసి కుదిపినప్పుడు మొదట అంతా బురదలా మసకబారుతుంది. కాసేపు కుదిపి నిలబెట్టండి. పది, పదిహేను నిమిషాల్లో సీసా అడుగున టీ డికాషన్ రంగు పొర ఒకటి చేరడం మొదలవుతుంది. గంటకు గీత స్పష్టంగా కనిపిస్తుంది. కింద నల్లటి గ్లిజరిన్, పైన తేనె రంగు ఇంధనం. గీత ఏర్పడకుండా మొత్తం జావలా గడ్డకట్టిందంటే సోడా ఎక్కువైందనో, నూనెలో నీరుందనో అర్థం. లీటరుతో తేలిన ఈ తప్పు నూరు లీటర్లలో తేలితే పీపా ఖాళీ చేయడమే పెద్ద శ్రమ అవుతుంది.

ప్రమాదం ఎక్కడుంది

ఇంధనం తయారీ కదా, డీజిల్ అంటుకుంటుందేమో అని భయపడతారు. నిజంగా భయపడాల్సింది మిథనాల్‌కు. దాని ఆవిరి 11, 12 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకోగలదు. పగటి వెలుగులో మిథనాల్ మంట దాదాపు కనిపించదు, చెయ్యి కాలాకే తెలుస్తుంది. చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. అది శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. అందులో సోడా కలిపిన ద్రవం ఇంకా ప్రమాదకరం. కలిసేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది, ఒంటి మీద పడితే చర్మాన్ని తినేస్తుంది. అల్యూమినియం పాత్రలో కలిపితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. కాబట్టి మూత ఉన్న స్టీలు లేదా దళసరి పాలిథీన్ పాత్ర, రసాయనాలను తట్టుకునే చేతితొడుగులు, కళ్లద్దాలు, గాలి ధారాళంగా ఆడే చోటు ఉండాల్సిందే. నిప్పురవ్వ లేని మోటారు కావాలి, దగ్గరలో నీళ్లు కావాలి. వంటింట్లో, గ్యాస్ పొయ్యి మీద ఈ పని చేయకూడదు. పిల్లలు తిరిగే చోట మిథనాల్ నిల్వ పెట్టకూడదు. ఇవి చాదస్తం అనిపించేవారు ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నూనె, బయోడీజిల్ తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే అవి గాలితో కలిసి లోలోపల వేడెక్కి వాటంతట అవే అంటుకోగలవు. వాటిని విడివిడిగా ఆరవేయాలి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి.

కడగడం

గ్లిజరిన్‌ను కింది నుంచి వదిలేశాక పైన మిగిలిన ద్రవం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ట్యాంకులో పోసేయాలన్న కోరిక పుట్టేది ఇక్కడే. కానీ అందులో ఇంకా మిథనాల్ ఉంది, కరిగిన సబ్బు ఉంది, సోడా ఉంది, కంటికి కనిపించని గ్లిజరిన్ ఉంది. మిథనాల్ రబ్బరును, పంపు సీళ్లను తింటుంది. బయోడీజిల్ 100 డిగ్రీలు దాటితే గానీ నిప్పు అందుకోదన్న భద్రత కూడా మిగిలిన మిథనాల్ వల్ల పోతుంది. సబ్బు నాజిల్ చివర బూడిదగా మిగులుతుంది. ఈ విషయంలో ప్రమాణాలు ఎంత కఠినంగా ఉన్నాయో చూడండి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14214 ప్రకారం సోడియం, పొటాషియం రెండూ కలిపి కిలోకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. విడి గ్లిజరిన్ 0.02 శాతం, మిథనాల్ 0.2 శాతం దాటకూడదు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి6751 కూడా ఇదే ధోరణిలో ఉంటుంది.

కడగడానికి మామూలు నీరే వాడతారు. సబ్బుకు నూనె కన్నా నీరంటే ఇష్టం, మిథనాల్‌కూ అంతే. మొదటిసారి మాత్రం చాలా సున్నితంగా, సన్నటి తుంపరగా పైనుంచి నీటిని రాల్చాలి. గట్టిగా కలిపితే సబ్బు తన గుణం చూపి, ఇంధనాన్నీ నీటినీ మజ్జిగలా కలిపేస్తుంది. అది విడిపోవడానికి రోజులు పట్టవచ్చు. అడుగుకు చేరిన మొదటి నీరు పాలలా తెల్లగా ఉంటుంది. దాన్ని వదిలేసి మళ్లీ కడగాలి. రెండోసారికి పలుచబడుతుంది. కిందికి దిగే నీరు స్వచ్ఛంగా వచ్చేదాకా, అది మూడుసార్లయినా అయిదుసార్లయినా, ఆగకూడదు. నీరు లేకుండా రెజిన్ గుళికల గుండా పంపి శుభ్రం చేసే పద్ధతి ఉంది. అది పనిచేస్తుంది గానీ, మిథనాల్‌ను ముందే తీసేస్తే తప్ప మంచి ఫలితం రాదు.

కడిగాక ఆరబెట్టాలి. కడిగిన వెంటనే ఇంధనం మసకగా ఉంటుంది. వేడిచేసి, గాలి తగిలేలా పంపుతో తిప్పి తుంపరగా పడేస్తే తేమ పోతుంది. సీసాలో పోసి వెనక దినపత్రిక పెడితే అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉండాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. తేటగా ఉందంటే పొడిగా ఉందని మాత్రమే అర్థం, చర్య పూర్తయిందని కాదు. సగం మారిన నూనె కూడా తేటగానే ఉంటుంది. అది తేల్చడానికి వేరే పరీక్ష ఉంది. 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. ఇంధనం పోసి, 20 డిగ్రీల దగ్గర కుదిపి చూడాలి. బయోడీజిల్ మిథనాల్‌లో పూర్తిగా కరుగుతుంది, నూనె కరగదు. అడుగున ఒక చిన్న నూనె బొట్టు కనిపించినా మళ్లీ కొంచెం మిథనాల్, సోడాతో చర్య జరిపించాలి. ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు, దీన్ని వదిలేయడానికి నాకు ఏ సాకూ కనిపించదు.

అడుగున తీసిన గ్లిజరిన్ నిజానికి గ్లిజరిన్, మిథనాల్, సబ్బుల మిశ్రమం. దాన్ని కాలువలో పోయకూడదు. మూసి ఉన్న బట్టీలో మిథనాల్‌ను ఆవిరిగా తీసి చల్లబరిస్తే తిరిగి వాడుకోవచ్చు, అయితే ఆ పనికి సరైన పరికరాలుండాలి. బహిరంగంగా వేడిచేస్తే ఆ ఆవిరే మంటవుతుంది.

లారీలో పోశాక

ఏ ఇంజిన్ అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది. పాతకాలపు మెకానికల్ డీజిల్ పంపు ఉన్న లారీలు బాగా ఓర్చుకుంటాయి. వాటి నాజిళ్లు 200 బార్ అటూ ఇటూ ఒత్తిడితో తెరుచుకుంటాయి. కొత్త కామన్ రైల్ ఇంజిన్లలో ఒత్తిడి 1,600 బార్ నుంచి 2,000 బార్ దాటుతుంది, లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి. కాస్త నీరు, చిటికెడు సబ్బు చాలు, అవి పాడైపోవడానికి. పొగ గొట్టంలో మసి వడపోసే ఫిల్టర్ ఉన్న బండ్లతో ఇంకో చిక్కు ఉంది. ఆ మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు ఆలస్యంగా అదనపు ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్ముతాయి. అందులో కొంత గోడల వెంట ఇంజిన్ ఆయిల్‌లోకి చేరుతుంది. డీజిల్ అయితే ఆయిల్ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కాబట్టి అక్కడే ఉండిపోయి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. ఇలాంటి బండిలో ఇంటి ఇంధనం పోయవద్దనే నా అభిప్రాయం. ప్రమాణాలకు నిలిచే బయోడీజిల్‌నైనా కంపెనీ ఒప్పుకున్న శాతం వరకే వాడాలి. డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ ఉంటే బి20 అంటారు, డీజిల్ ఏమీ కలపని బయోడీజిల్ బి100.

పాత లారీలో మొదటిసారి పోసేవారు రెండు ఫిల్టర్లు దగ్గర పెట్టుకోవాలి. బయోడీజిల్ మంచి ద్రావణి. ఏళ్ల తరబడి డీజిల్ ట్యాంకు గోడలకు పట్టించిన జిడ్డును కరిగించి ముందుకు తోస్తుంది. నా లారీ మొదటి ట్యాంకు పూర్తికాక ముందే ఎత్తు ఎక్కుతూ ఊపు కోల్పోయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా వేగం పెరగలేదు. ఫిల్టర్ విప్పితే లోపల కాగితం తారు పూసినంత నల్లగా ఉంది. ఆ నలుపు పాత డీజిల్‌ది, మార్చాక బండి మామూలైంది. సహజ రబ్బరుతో చేసిన పాత పైపులు కూడా మెత్తబడి చెమర్చడం మొదలుపెడతాయి, వాటి బదులు వైటాన్ అనే కృత్రిమ రబ్బరు రకం వేయాలి. రాగి, ఇత్తడి, జింకు తగిలితే ఇంధనమే త్వరగా చెడుతుంది, నిల్వకు స్టీలు గానీ పాలిథీన్ గానీ మేలు. ఆరు నెలలకు మించి ఉంచకుండా వాడేయాలి.

శక్తి విషయంలో లీటరుకు సుమారు 8 శాతం తగ్గుతుంది. ఖాళీ బండికి తెలియదు, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. బదులుగా జారుడు గుణం బాగా పెరుగుతుంది, ఒకటి రెండు శాతం కలిపినా పంపుకు మేలు చేస్తుంది. పొగ సంగతి చూస్తే, 2002లో అమెరికా పర్యావరణ సంస్థ పాత పరీక్షలన్నిటినీ కలిపి విశ్లేషించింది. బి20తో మసి సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయని, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయని తేల్చింది. పూర్తిగా కాలుష్యం లేని ఇంధనమన్న ప్రచారం ఆ చివరి అంకెను దాచేస్తుంది.

చలి ఇంకో పరీక్ష. ఏ నూనెతో చేశామన్నదే ఇక్కడ ముఖ్యం. సోయా నూనెతో చేసింది సున్నా డిగ్రీల దగ్గర మసకబారుతుంది. పామాయిల్‌తో చేసిందైతే 15 డిగ్రీల చుట్టుపక్కలే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. చలికాలంలో డీజిల్ వాటా పెంచడమే తేలిక మార్గం. రోడ్డు ఇంధనం మీద పన్ను, మిథనాల్ నిల్వ మీద ఆంక్షలు చాలా దేశాల్లో ఉన్నాయి. పీపా కొనే ముందే అవి తెలుసుకోవాలి.

కొన్ని నెలల తర్వాత నా లారీ మళ్లీ అలాగే ఎత్తు మీద మొరాయించింది. ఈసారి ఫిల్టర్‌లో నలుపు లేదు. కాగితం మడతల నిండా లేత పసుపు జిగురు. చలికి పేరుకున్న మైనమేమో అనుకుని ఎండలో పెట్టాను. మైనమైతే కరగాలి, అది కరగలేదు. కొంచెం చేతితొడుగు మీదికి తీసుకుని గోరువెచ్చని నీటితో రుద్దితే నురగ వచ్చింది. సబ్బు. ప్రతి విడత నుంచి ఒక సీసా తీసి, తేదీ, టైట్రేషన్ అంకె, ఎన్నిసార్లు కడిగానో రాసి బల్ల మీద పెట్టడం నా అలవాటు. ఆ విడత సీసా తీసి చూశాను. అడుగున వేలెడు మందాన మసక పొర దిగి ఉంది, చీటీ మీద కడిగిన సంఖ్య దగ్గర 1 అని రాసి ఉంది. ట్యాంకులో మిగిలిన ఇంధనమంతా పైపుతో తీసి, పీపాలో పోసి, నీటి తుంపర మళ్లీ మొదలుపెట్టాను. మొదటి నీరు పాలలా తెల్లగా దిగింది.